అద్దం వెనక భోజనం

నేను టెంపురా గిన్నెను. అన్నం మీద రెండు రొయ్యలు, ఒక గుమ్మడి ముక్క, ఒక పచ్చిమిరపకాయ, వాటి మీదుగా జారిన ముదురు గోధుమరంగు రసం. రొయ్యలకు పట్టిన పిండి మీ బజ్జీ పిండి కన్నా పలుచన, పొరలుపొరలుగా గరుకుగా ఉంటుంది. ఇదంతా వినైల్ రెసిన్. టోక్యోలో ఒక భోజనశాల ముందు అద్దాల అరలో నా కాపురం. జపాన్‌లో మా జాతిని సాంపురు అంటారు. జపాన్ వింతలని ఎవరు జాబితా రాసినా మా పేరు అందులో ఎక్కుతుంది. ఆ జాబితాలో మాకు చోటు లేదన్నదే నా వాదన. వింత గొలపడానికి మేం పుట్టలేదు. గిన్నెలో ఏముంటుందో, ఎంత ఉంటుందో వంటవాడు ముందే ఇచ్చే మాట మేము. ఆ మాట మీద అతన్ని నిలబెట్టడమే మా పని.

మా పుట్టుక చూస్తే ఈ సంగతి తెలుస్తుంది. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో జపాన్ నగరాలు పెరిగాయి. పెద్ద దుకాణాల్లో వందలమంది ఒకేసారి కూర్చుని తినే భోజనశాలలు వెలిశాయి. అక్కడ కర్రీ రైస్, కట్లెట్, ఆమ్లెట్ వంటి పడమటి వంటకాలు వడ్డించేవారు. పల్లె నుంచి వచ్చిన కుటుంబానికి అవి ఎలా ఉంటాయో పేరు చదివితే తెలిసేది కాదు. 1923 భూకంపం తర్వాత టోక్యోలోని షిరోకియా దుకాణం తన భోజనశాల ముందు మైనపు నమూనాలు పెట్టింది. జనం బయటే చూసుకుని ఏం తినాలో తేల్చుకోవడంతో లోపల పని వేగంగా సాగింది. ఆ నమూనాలు చేసే విద్య కూడా గాలిలోంచి రాలేదు. వైద్య విద్యార్థుల కోసం మైనంతో శరీర భాగాలు చేసే పనితనానికి అది తోబుట్టువు. మైనపు గుండెను చూపి పాఠం చెబితే ఎవరూ వింత అనరు. అదే పనితనం ఆకలిగా ఉన్న మనిషికి భోజనం గురించి చెబితే వింత ఎలా అవుతుంది? గిఫు ప్రాంతంలోని గుజో హచిమన్‌లో పుట్టిన ఇవాసాకి తకిజో 1932లో ఒసాకాలో ఈ పనిని వ్యాపారంగా మొదలుపెట్టాడు. ఆయన తొలి ఘనకార్యం ఒక మైనపు ఆమ్లెట్. దాన్ని చూసి ఆయన భార్య కూడా నిజమైనదేదో పోల్చుకోలేకపోయిందని చెబుతారు.

ఇప్పుడు అసలు అభ్యంతరానికి వస్తాను. తినలేని దాన్ని తిండిలా చూపడం మోసం కాదా అని అడుగుతారు. నన్ను చేసిన తీరే దీనికి జవాబు. భోజనశాల తన వంటకాన్నే కర్మాగారానికి పంపుతుంది. పనివాళ్ళు దాన్ని విడదీసి ఒక్కో ముక్క మీద సిలికాన్ పోసి అచ్చు తీస్తారు. ఆ అచ్చులో రెసిన్ నింపి, వేడికి గట్టిపరచి, రంగులు అద్దుతారు. నా రొయ్య తోక దగ్గరి వంపు ఒకప్పటి నిజమైన రొయ్యదే. నాలో రెండు రొయ్యలుంటే వంటింట్లోంచి వచ్చే గిన్నెలోనూ రెండుండాలి. ఒకటే వస్తే కొన్నవాడు నన్ను చూపించి నిలదీయగలడు. ఉన్నదాన్ని దాచి లేనిదాన్ని చూపితే మోసం. నేను ఉన్నదాన్ని లెక్కతో సహా వీధిలో పెడుతున్నాను.

రంగు సంగతి మాత్రం ఒప్పుకోవాలి. నన్ను నిజమైన వంటకం కన్నా కొంచెం మెరిసేలా తీర్చిదిద్దుతారు. బీరు గ్లాసు నమూనా మీద చల్లటి చెమట చుక్కలు కూడా అతికిస్తారు. ఇది అతి అంటే అతే. కానీ నాకు వాసన లేదు, ఆవిరి లేదు, చిటపట లేదు. వేడి అన్నం నోరూరించే దారుల్లో చాలావరకు నాకు మూసుకుపోయాయి, మిగిలింది కన్ను ఒక్కటే. ఆ లోటును రంగుతో పూడ్చడం న్యాయమే. ఆకారంలో, పరిమాణంలో అబద్ధమాడితే అది వేరే సంగతి. దాన్ని నేను సమర్థించను.

మైనం కాలం నాటి పని ఒకటి దగ్గరగా చూస్తే ఈ న్యాయం ఇంకా తేటపడుతుంది. గుజో హచిమన్‌లో నేటికీ దాన్ని వచ్చినవారికి నేర్పుతారు. కరిగిన మైనాన్ని గోరువెచ్చని నీళ్ళలోకి కాస్త ఎత్తు నుంచి పోస్తే అది చిల్లులు చిల్లులుగా పరుచుకుంటుంది. అందులో రొయ్యను చుట్టేస్తే టెంపురా పొర సిద్ధం. తెల్ల మైనం, ఆకుపచ్చ మైనం పోసి, అంచు పట్టుకుని నీళ్ళలోకి మెల్లగా లాగితే లెట్యూస్ ఆకు ముడతలతో సహా సాగుతుంది. వేడి నూనెలో పిండి ఎలా చెదురుతుందో గమనించినవాడికే ఈ కిటుకు తట్టగలదు. ఇంత శ్రద్ధగా వంటకాన్ని చదివే పనిని చవకబారు వింత అనడం నాకు కష్టంగా ఉంటుంది. 1980లో లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం జపాన్ ప్రదర్శనలో మావాళ్ళను ఉంచింది. 1985లో జర్మన్ దర్శకుడు విమ్ వెండర్స్ తన టోక్యో-గా చిత్రంలో మా తయారీని చూపించాడు. అప్పటికే మైనం నుంచి వినైల్‌కు మారడం మొదలైంది. ఎండకు మైనం మెత్తబడేది, రంగు వెలిసేది.

ఫోన్‌లో ఫొటో చాలదా అన్నది నేటి ప్రశ్న. ఫొటో తేలిక, చవక. నా ఖరీదు నేను చూపే భోజనం ఖరీదుకు ఎన్నో రెట్లు. అయినా ఫొటోలో గిన్నె అరచేతంత ఉందో, జానెడు ఉందో తెలియదు. నా చుట్టూ తిరిగి చూస్తే లోతు తెలుస్తుంది. భాష రానివాడు వేలు చూపితే చాలు. ఇక టోక్యోలోని కప్పాబాషి వీధిలో సుషీ తాళంచెవి గొలుసులు, ఐస్‌క్రీమ్ చెవిపోగులు అమ్ముతున్నారు. ముచ్చటైన వస్తువులే, పనితనమూ మాదే. కానీ వాటి వెనక వంటిల్లు లేదు, వాటిని చూపించి ఎవరినీ ఏదీ అడగలేం. వంటవాడు రేపు గుమ్మడి బదులు వంకాయ వేయాలనుకుంటే ముందు నన్ను మార్పించాలి.