టెర్మినల్ మామ

కర్నూలులో కారు ఆగిపోతే మెకానిక్కు ఫోన్ చేయాల్సిన పని లేదు. బళ్ళారి చౌరస్తాలోనో, నంద్యాల చెక్‌పోస్టు దగ్గరో బానెట్ ఎత్తి నిలబడండి చాలు, మామ వస్తాడు. ఎవరికి మామో ఎవరికీ తెలియదు. పిలిచినవాడు లేడు, పొమ్మనగలిగినవాడూ లేడు. ఇంజనులోకి తొంగి చూడకముందే తీర్పు చెప్పేస్తాడు: "ఏం లేదప్పా, బ్యాటరీ పోయింది."

మామ లెక్కలో కారుకు వచ్చే జబ్బు అదొక్కటే. అలాగని పరీక్షలు చేయడనుకోకండి. హారన్ కొట్టమంటాడు. గొంతు బొంగురుపోతే బ్యాటరీ. బాగుంటే "అది పైపై మోగుడు" కాబట్టి అప్పుడూ బ్యాటరీయే. సెల్ఫ్ కొట్టమంటాడు. టిక్ టిక్‌మంటే బ్యాటరీ, ఉలకకపోతే మరీ బ్యాటరీ. ఆ తర్వాత నీళ్ళు పోయడానికి మూతల కోసం తడుముతాడు. మెయింటెనెన్స్ ఫ్రీ బ్యాటరీకి మూతలుండవని తేలాక కంపెనీవాళ్ళను తిడతాడు. మూతలున్నది దొరికిందా, డిస్టిల్డ్ వాటర్ వచ్చేదాకా ఆగడు. తుంగభద్ర నీళ్ళుండగా ఇంకేం నీళ్ళంటాడు. ఆ నీళ్ళలోని లవణాలు బ్యాటరీని పాడు చేస్తాయంటే, "మనం తాగుతాండ్లేమా?" అంటాడు. ఈ ప్రశ్నకు జవాబు నాకింతవరకు తట్టలేదు.

ఆపైన తోయుడు. దారిన పోయేవాళ్ళను పోగేసి, తాను మాత్రం చేయి వేయకుండా "ఊఁ, కానీండి" అంటాడు. ఓసారి మండుటెండలో ఆటోమేటిక్ గేరు కారును పెట్రోలు బంకు దాకా తోయించాడు. అది తోస్తే స్టార్టయ్యే రకం కాదని బంకు పిల్లోడు చెబితే, "బంకు దాకా వచ్చింది గదా!" అన్నాడు.

మామ పరువు ఇంకా నిలిచిందంటే ఆ పుణ్యం మన ఎండలదే. కర్నూలు వేసవి వేడికి బ్యాటరీలు నిజంగానే ముందుగా చస్తాయి. కాబట్టి ఆయన మాట చాలాసార్లు నెగ్గుతుంది. నెగ్గనప్పుడు, కొత్తగా కొన్న బ్యాటరీ కూడా నెల తిరక్కుండా పడుకుంటే, "నీకు డూప్లికేట్ అంటగట్టినారప్పా" అంటాడు.

ఇదంతా ఓర్చుకోవచ్చు. అసలు గండం ఇంజను స్టార్టయ్యాక వస్తుంది. మామ పది నంబరు స్పానరు అడుగుతాడు. "నడుస్తాండగానే టెర్మినల్ పీకి చూస్తా. బండి ఆగితే డైనమో పోయినట్టు. ఆగకుంటే బాగున్నట్టు." ఈ విద్య మేనమామ దగ్గర నేర్చాడట. 1953లో కర్నూలు రాజధాని అయినప్పుడు మంత్రుల కార్లన్నీ ఆ మేనమామ చేతి మీదే నడిచాయట. 1956లో రాజధాని హైదరాబాదుకు తరలిపోయింది కూడా ఆయన అలిగినందుకేనన్నట్టు మాట్లాడతాడు.

డైనమో, కటౌట్ ఉన్న పాత కార్లలో ఆ పీకుడు చెల్లిందేమో. ఇప్పుడున్నది ఆల్టర్నేటర్. ఇంజను నడుస్తుండగా బ్యాటరీని తప్పిస్తే వోల్టేజి ఒక్కసారిగా ఎగబాకి, ఆల్టర్నేటర్‌లోని డయోడ్లతో పాటు ఇంజనును నడిపే కంప్యూటరు కూడా కాలిపోవచ్చు. బెల్టు బిగిస్తే సరిపోయే బండికి కంప్యూటరు మార్చాల్సి వస్తుంది.

ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర పనిచేసే కుర్రాడు మీటరు తెచ్చాడంటే మామ ముఖం చూడాలి. ఇంజను ఆపి కాసేపయ్యాక నిండు బ్యాటరీ 12.6 వోల్టులు చూపాలి. 12.2 అంటే సగమే ఉన్నట్టు. ఇంజను నడుస్తుంటే సాధారణంగా 13.8 నుంచి 14.5 దాకా రావాలి. 15 దాటితే రెగ్యులేటర్ చెడి బ్యాటరీని ఉడకబెడుతోందని అర్థం. (కొన్ని కొత్త కార్లలో ఛార్జింగును కంప్యూటరే తగ్గిస్తుంది, అంకె తగ్గగానే కంగారు పడొద్దు, హెడ్‌లైట్లు వేసి మళ్ళీ చూడాలి.) కుర్రాడికి 12.1 కనబడింది, అదీ దిగిపోతోంది. బెల్టు నొక్కి చూశాడు, ఎర్త్ వైరు కదిపి చూశాడు, కార్బన్ బ్రష్‌లు అరిగి ఉంటాయన్నాడు. మామ గంభీరంగా విని, "ముందు నీ మీటర్లో బ్యాటరీ ఉందేమో చూడు" అన్నాడు.

ఆయనతో వచ్చిన చిక్కే ఇది. మీటరులో బ్యాటరీ నీరసిస్తే అది నిజంగానే తప్పు అంకెలు చూపిస్తుంది.

కాబట్టి మామను ఎవరూ ఓడించలేరు, ప్రయత్నించకండి. పది నంబరు స్పానరును మాత్రం ఆయన కంట పడకుండా సీటు కింద దాచుకోండి.