600 గజాలు లేని ఇళ్ల అర్జీ

ఇళ్లకు చల్లదనం పథకాలు వేసే అధికారి గారి దివ్యసముఖమునకు,

అల్లూరి సీతారామరాజు జిల్లా, కొయ్యూరు మండలంలోని సిమెంటు రేకుల ఇళ్లన్నీ కలిసి విన్నవించుకొనునది ఏమనగా:

1924 మే 7న సీతారామరాజును కాల్చి చంపిన చోటుగా కొయ్యూరు పేరు తమరు వినే ఉంటారు. అర్జీదారులది తిరుగుబాటు కాదు. ఎండ తగ్గేందుకు కప్పు మీదికి కాస్త సున్నం అడుగుతున్నారంతే.

2023 ఏప్రిల్‌లో పొరుగున తెలంగాణ చల్లటి పైకప్పుల విధానం తెచ్చింది. 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పు, అందులో 200 ఒక్క హైదరాబాదులోనే, ఎండను తిప్పికొట్టేలా మార్చాలని లక్ష్యం. 600 గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్లకు తప్పనిసరి, చిన్నిళ్లకు ఇష్టముంటేనే. అర్జీదారుల్లో ఎవరికైనా 600 గజాలుంటే అందులో ముప్పాతిక జీడిమామిడి చెట్లే.

తమాషా ఏమిటంటే, 2017లో హైదరాబాదులో ముందుగా పరీక్షించింది బస్తీ ఇళ్లమీదే. పాతిక ఇళ్లకు తెల్లటి పొర పరిచి చూస్తే లోపల 2 డిగ్రీల దాకా తగ్గింది. ఏసీ గదిలో అది రిమోట్‌ మీద రెండు నొక్కులు. రేకు కింద బాలింతకు ఓ కునుకు.

పూర్వం అర్జీదారుల స్థానంలో మట్టిగోడ, గడ్డి కప్పు, కింద మట్టి మెత్తిన అటక ఉండేవి. వేడి అటక దాటి దిగేది కాదు. అయితే గడ్డి తరచూ మార్చాలి, నిప్పురవ్వ పడితే వీధంతా బూడిద. రేకు గెలిచింది అందుకే. వెనక్కి వెళ్లమని ఎవరూ అడగడం లేదు. కానీ రేకు వచ్చి అటక పోయింది. మే నెల మధ్యాహ్నం ఫ్యాను వేస్తే కప్పు కింది సెగనంతా మంచం మీదికి దించుతుంది. చలికాలం తెల్లవారుజామున అదే రేకుకు ఆవిరి పట్టి దుప్పటి మీద చుక్కలు రాలతాయి.

2024లో వచ్చిన సూర్యఘర్ సౌరవిద్యుత్ పథకంలో 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. సౌర పలకలు మోయగల కప్పుండాలని నిబంధన. రేకు మోస్తుందని పూచీపడే మేస్త్రీ ఇంకా దొరకలేదు.

కావున తమరు ఇక్కడ పథకం వేసేటప్పుడు దయతలచి గజాల లెక్క వదిలి కప్పుల లెక్క చూడగలరు. ఇల్లు మంజూరు చేసేటప్పుడే ఎస్టిమేటులో తెల్లపూతకూ అటకకూ చోటివ్వగలరు. పాత రేకులకు ఏటా మార్చిలో సున్నం వేయించగలరు; వానలకు కొట్టుకుపోతుంది గనుక ఒక్కసారి వేసి ఫొటో తీసుకుంటే చాలదు.

తనిఖీ బృందం మే నెలలో, భోజనాలయ్యాక రావాలని మనవి. ఫ్యాను వేసే ఉంచుతారు.

ఇట్లు,
కొయ్యూరు మండల రేకుల ఇళ్లు