షిన్ పెయిన్

2022లో కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడ్డాక మా జిల్లా పరిషత్ హైస్కూలు గ్రౌండు తెల్లారేసరికే నిండిపోయేది. పీఈటీని కాబట్టి స్టాప్‌వాచ్ నా చేతిలో ఉండేది. మగపిల్లలు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడపిల్లలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పరుగెత్తాలి. వాళ్లలో ఒక అమ్మాయి నాలుగు నిమిషాల లోపే ముగించి, వెనకబడ్డవాళ్ల పక్కన మళ్లీ పరుగు అందుకునేది.

వానలు మొదలయ్యాక కుంటడం మొదలుపెట్టింది. గ్రౌండు బురదైతే పిల్లలు తారురోడ్డెక్కుతారు, స్ప్రే కొట్టుకుని, క్రేప్ బ్యాండేజీ చుట్టుకుని, షిన్ పెయినే కదా అని పరుగెత్తుతూనే ఉంటారు. నాకు ఆ స్ప్రే డబ్బా అంటేనే భయం. నొప్పి ఎక్కడంటే మోకాలి కింద ఎముక పొడవునా అరచేత్తో రాసి చూపించేవాళ్లకు పరుగు తగ్గిస్తే చాలావరకు సర్దుకుంటుంది. ఆ అమ్మాయి బొటనవేలితో ఒక్కచోట నొక్కి చూపించింది. ఆ కాలి మీద గెంతమంటే గెంతలేకపోయింది.

ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు. ఎముకలో వచ్చే సన్నని చీలిక మొదటి వారాల్లో ఎక్స్‌రేకు చాలాసార్లు చిక్కదు. టీచర్లం తలా కొంత వేసుకుని ఎంఆర్ఐ తీయిస్తే తేలింది, స్ట్రెస్ ఫ్రాక్చర్. డాక్టరమ్మ రక్తపరీక్ష కూడా చేయించింది. రక్తం బాగా తక్కువుంది. నెలసరి సరిగ్గా వస్తోందా అని అడిగితే పిల్ల తల దించుకుంది. "ఆరు వారాలు పరుగు బంద్. కానీ విశ్రాంతి ఒక్కటే సరిపోదు. పరుగులో దెబ్బతిన్న ఎముక మళ్లీ కట్టుకోవాలంటే కడుపు నిండా తిండి కావాలి. ఈ పిల్లకు అదే అందట్లేదు" అంది డాక్టరమ్మ.

ఆ వారం నుంచే 30 గుడ్ల ట్రే పంపడం మొదలుపెట్టాను. తీసుకెళ్లడానికి ఆ అమ్మాయి తమ్ముడు బండి మీద వచ్చేవాడు. వాడూ కానిస్టేబుల్‌కే తయారవుతున్నాడు కానీ, మూడో రౌండుకే నడుం పట్టుకుని నిలబడిపోయేవాడు.

ఆ ఆరు వారాలూ ఆ అమ్మాయి ఒక్క రోజు ఇంట్లో కూర్చోలేదు. అందరూ పరుగెత్తుతుంటే ఎవరిదో సైకిల్ అడుక్కుని గ్రౌండు చుట్టూ తొక్కేది. కుర్చీలో కూర్చుని 4 కిలోల షాట్‌పుట్ విసిరేది. చేతికి అంటిన మట్టి చున్నీకి తుడుచుకుని, మళ్లీ మెడకింద ఆనించుకుని, కాళ్లు కదలకుండా ఒక్క నడుం తిప్పి తోసేది. గుండు పడ్డచోట పుల్లతో గీత గీసేది, నిన్నటి గీత దాటిందా అని చూసుకునేది. నా చేతిలో స్టాప్‌వాచ్ తీసుకుని అందరికీ టైములు చదివేది. అంత ఓపిక పెద్ద ఆటగాళ్లలోనూ అరుదు. "గుడ్డు తిన్నావా బిడ్డా?" అంటే, "తిన్న సార్" అనేది, వాచీ మీంచి కళ్లు తీయకుండా.

దసరా తర్వాత నెమ్మదిగా పరుగు మొదలుపెట్టించాను. పది రోజులు తిరక్కముందే బొటనవేలు మళ్లీ అదే చోటుకి వెళ్లింది. డాక్టరమ్మ కళ్లజోడు తీసి నన్నే అడిగింది, "నిజంగా తింటోందా?" అని. వారం వారం ట్రే పోతోందని చెప్పాను.

డిసెంబరులో ఈవెంట్స్ జరిగాయి. మెల్లగా పరుగెత్తినా దాటగలిగే టైము అది. ఆ అమ్మాయి మొదటి రౌండు మలుపు దగ్గరే కాలు పట్టుకుని కూలబడిపోయింది.

తర్వాతి అక్టోబరులో ఫైనల్ రిజల్ట్స్ వచ్చిన సాయంత్రం వాళ్లమ్మ మిఠాయి డబ్బా పట్టుకుని మా ఇంటికొచ్చింది. కొడుకు చేత నా కాళ్లకు మొక్కించింది. కూతురు గుమ్మం దగ్గరే నిలబడింది. తల్లికి ఆనందంతో మాట రావడం లేదు. నా చేతులు రెండూ పట్టుకుంది.

"సార్, మీ రుణం ఎట్ల తీర్చుకోవాలె! పోరడికి నౌకరీ వచ్చింది. మీరు పంపిన గుడ్లు ఒక్కటి సుత ఖరాబు కానియ్యలే సార్, అన్నీ వీనికే పెట్టిన."