బల్లపై చిల్లర, బల్లకింద నోట్లు

హోటల్లో సర్వరుకు మనమిచ్చే టిప్పు యజమాని ఇచ్చిన జీతం కాదు, ‘ఇతర వనరుల నుంచి ఆదాయం’ కిందికి వస్తుందని 2016లో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే, ఇడ్లీ తిని ప్లేటు పక్కన వదిలిన 20 రూపాయలకూ ఆదాయపన్ను రిటర్నులో ఓ గడి ఉందన్నమాట! బ్యాంకు వడ్డీ సంగతి సరేసరి. మనం మరిచిపోయినా, ఆదాయపన్ను శాఖవారి వార్షిక సమాచార నివేదిక మరిచిపోదు. పేపర్లు దిద్దిన మాస్టారి పారితోషికానికీ లెక్క చెప్పాల్సిందే.

మరి ఆఫీసు బల్లకింద చేతులు మారే ఆమ్యామ్యా మాటేమిటి? ‘అక్రమ సంపాదన అయినా సరే, పన్ను కట్టాల్సిందే’ అంటోంది చట్టం. గడి ఎప్పుడూ సిద్ధమే. పాపం, నింపాల్సిన చేతికే ఖాళీ లేదు!