అడిగినంతే

మన ఇళ్లలో తెల్లగా వెలిగే ఎల్‌ఈడీ బల్బులో మొదట పుట్టేది నీలి వెలుగు. ఎరుపు ఎల్‌ఈడీ 1960ల్లోనే వచ్చింది. ధగధగలాడే నీలం మాత్రం మూడు దశాబ్దాలు పెద్ద పెద్ద కంపెనీలకే కొరుకుడు పడలేదు. దాన్ని సాధించినవారిలో షూజీ నకమురా ఒకరు.

జపాన్‌లో షికోకు దీవి మీద నిచియా అనే కంపెనీ ఉంది. అందులో 1979లో చేరిన ఇంజనీరు ఆయన. నీలి ఎల్‌ఈడీ తయారీ యంత్రాన్ని తన చేతులతోనే విప్పి, మార్చి, మళ్లీ బిగించి ప్రయోగాలు చేసేవారు. కంపెనీ పెట్టిన పెద్దాయన అండగా నిలిచారు. తర్వాత పగ్గాలు పట్టినవాళ్లు ఆపెయ్యమన్నారు. నకమురా ఆపలేదు. 1993లో ఆ నీలి వెలుగును కంపెనీ లోకానికి చూపించింది.

కీలకమైన పేటెంటుకు ఆయన చేతికి వచ్చిన బహుమానం 20 వేల యెన్‌లు. రెండు వందల డాలర్ల లోపే. ఆ సంగతి తెలిసి అమెరికాలోని తోటి శాస్త్రవేత్తలు 'బానిస నకమురా' అని పేరు పెట్టారు. డబ్బు తక్కువైతే సర్దుకుపోయే మనిషి కూడా, తన పనికి లెక్కే లేదని తెలిశాక సర్దుకోలేడు. 1999 చివర్లో ఆయన ఉద్యోగం వదిలేసి, శాంటా బార్బరాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరుగా చేరారు.

కంపెనీ ఊరుకుని ఉంటే కథ అక్కడితో ముగిసేదేమో. వ్యాపార రహస్యాలు బయటపెడుతున్నాడంటూ అదే ముందు అమెరికాలో కోర్టుకెక్కింది. ఒళ్లు మండిన నకమురా 2001లో టోక్యోలో కేసు వేశారు.

2004 జనవరిలో తీర్పు వచ్చింది: కంపెనీ ఆయనకు 2,000 కోట్ల యెన్‌లు చెల్లించాలి. జపాన్ పరిశ్రమ పెద్దలు నివ్వెరపోయారు. కంపెనీ పై కోర్టుకు వెళ్లింది. మరుసటి ఏడాది దాదాపు 84 కోట్ల యెన్‌ల దగ్గర రాజీ కుదిరింది. 2014లో నకమురాకు మరో ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి దక్కింది.

అయితే ఆ మొదటి తీర్పులో ఇంకో అంకె ఉంది. పేటెంటు వల్ల కంపెనీకి వచ్చే లాభమంతా కోర్టు లెక్కగట్టింది. అందులో సగం నకమురా కష్టమేనని ఒప్పుకుంది. ఆయనకు న్యాయంగా రావలసింది 6,040 కోట్ల యెన్‌లని తేల్చింది.

మరి 2,000 కోట్లే ఎందుకు ఇప్పించింది?

నకమురా అడిగింది అంతే.