మౌనం... స్టేటస్‌లో పెట్టాం!

‘పది రోజులు ఎవరికీ అందుబాటులో ఉండను. నన్ను నేను వెతుక్కోవడానికి వెళ్తున్నా.’ వాట్సాప్ స్టేటస్‌లో ఈ ముక్క, పక్కనే దణ్ణాల బొమ్మలు. వెతికేవాళ్లెవరూ లేకపోయినా ముందస్తు నోటీసు మాత్రం తప్పదు!

వనస్థలిపురం దగ్గరి ధమ్మఖేత్త విపశ్యన ధ్యాన కేంద్రమే తీసుకోండి. విపశ్యన గురువు గోయెంకా గారి పద్ధతిలో పది రోజుల శిబిరం. ఫోన్ ముందే అప్పగించాలి. తెల్లవారుజామున 4కే గంట మోగుతుంది. 11కి భోజనం అయ్యిందా, ఇక సాయంత్రం 5కి కొత్తవాళ్లకు టీ, పండు. పాతకాపులకు నిమ్మరసం నీళ్లే. మాటా లేదు, సైగా లేదు. ఫీజు అసలే లేదు (మనవాళ్లకు అనుమానం వచ్చేది ఇక్కడే).

మూడోరోజుకి అంతరాత్మ సంగతేమో గానీ ఆవకాయ మాత్రం స్పష్టంగా కనిపిస్తుందట. పదోరోజు పొద్దున మౌనం విడుస్తారు. అసలు మోత అప్పుడు మొదలు! పది రోజులు మాట్లాడనందుకు పది నెలలు మాట్లాడతారు. ఎదుటివాడి ఉద్యోగం ఊడితే ‘అంతా అనిత్యం బాబూ’ అని ఓదార్పు. తన పార్కింగ్ జాగాలో ఎవరైనా స్కూటర్ పెడితే మాత్రం అపార్ట్‌మెంటంతా దద్దరిల్లాల్సిందే. ఆ జాగా ఒక్కటే నిత్యం కాబోలు.

అందుకే సాధకులకు ఓ విన్నపం. లోపలికి వెళ్లేటప్పుడు బుద్ధిగా ఫోన్ అప్పగించారు, సంతోషం. బయటికొచ్చేటప్పుడు ఇంకో వారం అక్కడే వదిలేసి రండి. మీ మౌనఫలం మాక్కూడా కాస్త దక్కుతుంది.