ఏడాదిపాటు మోకాళ్ళ తాకట్టు

ప్రకటనల్లో తాతయ్యలకు ఇంత గిరాకీ ఉంటుందని రిటైరయ్యేదాకా నాకు తెలియదు. టీపొడికి తాతయ్య కావాలి. ఆరోగ్య బీమాకు, మోకాళ్ళ నూనెకు, చెవి మిషనుకు తాతయ్య కావాలి. ఆఖరికి మనవడు కొన్న ఎలక్ట్రిక్ స్కూటరు మీద వెనక కూచుని నవ్వడానిక్కూడా తాతయ్యే కావాలి. దేశంలో ముసలివాళ్ళకు కొరత లేదు గానీ, చూడగానే నమ్మబుద్ధేసే ముసలివాళ్ళకు ఉందట. ఈ మాట మా అపార్టుమెంటులో యాడ్ ఫిల్ములకు అసిస్టెంటుగా పనిచేసే కుర్రాడు లిఫ్టులో చెప్పాడు. "మీ మొహం చూస్తే ఎవరైనా సంతకం పెట్టేస్తారంకుల్" అన్నాడు. బ్యాంకులో ఉన్నన్నాళ్ళూ ఈ మొహంతోనే జనానికి లోన్లు లేవని చెప్పి పంపించాను. అప్పుడు దీని విలువ ఒక్కరూ గుర్తించలేదు.

పని దొరకడానికి రెండు దారులున్నాయన్నాడు. ఒకటి ఆన్‌లైన్, రెండోది ఏజెన్సీ. మా ఇంట్లో కోడలు, మనవడు వెంటనే ఆన్‌లైన్ పార్టీలో చేరిపోయారు. మా ఆవిడ ఏ పార్టీలోనూ చేరలేదు. "చొక్కా గుండీలు సరిగ్గా పెట్టుకోవడం రాదు, మోడలింగట" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. మనవడు నాకు ధైర్యం చెప్పడానికి వాంగ్ దెషున్ ఫొటో చూపించాడు. ఆ చైనా పెద్దాయన 2015లో, 79వ ఏట, బీజింగ్‌లో జరిగిన చైనా ఫ్యాషన్ వీక్‌లో చొక్కా లేకుండా ర్యాంపు మీద నడిచి ప్రపంచమంతటా పేరు తెచ్చుకున్నాడు. ఆ ఛాతీ చూశాక నేను కొన్నాళ్ళు ఇంట్లో కూడా చొక్కా విప్పలేదు.

ఆన్‌లైన్‌లో ముందు ఫొటోలు పెట్టాలి. సున్నం గోడ ముందు మేకప్ లేకుండా నిలబడి ఎదురుగా ఒకటి, కుడిపక్క ఒకటి, ఎడమపక్క ఒకటి. పోలీసు స్టేషన్లో తీసేవీ ఇవే. తర్వాత వీడియోలో పేరు, వయసు, ఎత్తు చెప్పి, రెండు చేతులూ ముందూ వెనకా తిప్పి చూపించాలి. నడుము కొలత రాయాల్సి వచ్చినప్పుడు మా ఆవిడ జాకెట్లు కుట్టే టేపు తెచ్చి కొలిచి, అంకె పైకి చదివి, టేపు సరిగ్గా ఉందో లేదోనని ఇంకోసారి చూసింది.

ఇక పిలుపులు మొదలయ్యాయి. "తాత పాత్ర. వయసు 60 పైన. జిమ్ బాడీ తప్పనిసరి." ఇంకొకటి: "డబ్బులుండవు, ఎక్స్‌పోజర్ వస్తుంది." ఎక్స్‌పోజరంటే నలుగురి కళ్ళలో పడటమని కోడలు వివరించింది. ఇరవయ్యేళ్ళ పిల్లకి అది పెట్టుబడి. ఆ నలుగురూ నన్ను ఇప్పుడు చూసి ఎప్పటికి పిలవాలి? ఒక ఫొటోగ్రాఫరు డబ్బు అడగను, ఇవ్వను, తీసిన ఫొటోలు మాత్రం ఇస్తానన్నాడు. కుర్ర మోడళ్ళు అలాగే ఆల్బం తయారు చేసుకుంటారట. నాకూ నచ్చింది. మంచి ఫొటో ఒకటుంటే పనులొచ్చినా రాకపోయినా, ఏదో ఒకనాడు దండ వెయ్యడానికి వెతుక్కోనక్కర్లేదు కదా అన్నాను. మా ఆవిడ ఆ పూట నాకు కాఫీ ఇవ్వలేదు.

ఒకాయన మాత్రం నన్ను చూడకుండానే సెలెక్ట్ చేశాడు. పెద్ద బ్రాండట, పక్కన పెద్ద హీరో అట. ఆర్టిస్టు కార్డుకి 4,999 రూపాయలు కడితే చాలు, షూటింగ్ రోజు తిరిగిచ్చేస్తాడు. నాకిచ్చేదాంట్లో పట్టుకోమన్నాను. అలా కుదరదని క్యూఆర్ కోడ్ పంపించి, "స్కాన్ చేసి పిన్ కొట్టండి సార్, అడ్వాన్సు మీ ఖాతాలో పడుతుంది" అన్నాడు. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు నాయనా, పోవడానికే కావాలి అని వివరంగా రాశాను. ఇలాంటివి చెప్పుకోవడానికి 1930 అని ప్రభుత్వం వారి నంబరొకటి ఉందని కూడా రాశాను. పాఠం అయ్యేలోపే నన్ను బ్లాక్ చేశాడు. మా కోడలి చెల్లెలికి వచ్చిన మెసేజీలు ఇంతకన్నా పాడువి. ఎలాంటి ఫొటోలు పంపమన్నారో ఇక్కడ రాయను, నవ్వే సంగతి కాదది. పగటిపూట, ఆఫీసులో, ఇంటివాళ్ళలో ఒకరు పక్కనుండగా మాట్లాడనివాడు ఏజెంటు కాదు, ఇంకేదో.

దాంతో ఏజెన్సీ దారి పట్టి కృష్ణానగర్ వెళ్ళాను. అక్కణ్ణుంచి అన్నపూర్ణ స్టూడియోకి నడిచి వెళ్ళిపోవచ్చు, కొందరికి ఆ నడక పాతికేళ్ళు పట్టింది. కర్రీ పాయింటు పైన, ఇరుకు మెట్లెక్కితే కో-ఆర్డినేటరు గారి ఆఫీసు. గోడ నిండా తాతయ్యలు, బామ్మలు, పెళ్ళికూతుళ్ళు, డాక్టరు కోట్లేసుకున్న డాక్టర్లు కానివాళ్ళు. నన్ను కిందనుంచి పైదాకా చూసి, "కూచోండి బాబాయ్‌గారూ. మీసం తియ్యకండి. జుట్టుకి రంగు వెయ్యకండి. పళ్ళు కట్టించుకుంటే నాకు చెప్పి కట్టించుకోండి" అన్నాడు. మా నాన్న పోయాక నా గురించి అంత శ్రద్ధ ఎవరూ తీసుకోలేదు.

పెళ్ళి సంబంధాల వెబ్‌సైటుకి, వెనకటి పెళ్ళిళ్ళ పేరయ్యకి ఉన్న తేడాయే ఇక్కడా ఉంది. వెబ్‌సైటులో లక్షమంది కనిపిస్తారు, అడిగితే జవాబు చెప్పేవాడుండడు. పేరయ్య నాలుగు అబద్ధాలాడతాడు, కానీ తేడా వస్తే వాళ్ళింటి అరుగు మీద కూచోవచ్చు.

కమీషను 20 శాతమన్నాడు. ఎక్కువన్నాను. న్యూయార్క్‌లోనూ అంతేనన్నాడు. నమ్మక, ఇంటికొచ్చి చూశాను. 2025 జూన్‌లో అక్కడ అమల్లోకి వచ్చిన చట్టం, మోడల్ సంపాదనలో ఏజెన్సీ 20 శాతానికి మించి పట్టుకోకూడదంటోంది. అక్కడ అది గరిష్ఠం, కృష్ణానగర్‌లో అది మొదలు.

అయితే ఆ కమీషను దేనికో మోకాళ్ళ నూనె కంపెనీ ఒప్పందం వచ్చినప్పుడు తెలిసింది. నా ఫొటోలను అన్ని మాధ్యమాల్లో, ప్రపంచవ్యాప్తంగా, శాశ్వతంగా వాడుకుంటామని రాశారు. శాశ్వతంగా అంటే నేను పోయాక కూడా నా మోకాళ్ళకి నొప్పి తగ్గుతూనే ఉంటుందన్నమాట. కో-ఆర్డినేటరు ఆ మూడు ముక్కలూ కొట్టేసి, రెండు తెలుగు రాష్ట్రాలు, ఒక్క ఏడాది, తర్వాత వాడితే మళ్ళీ డబ్బు అని రాయించాడు. ఆన్‌లైన్‌లో అయితే నేనే "అంగీకరిస్తున్నాను" అన్న గడి మీద నొక్కి నిద్రపోయేవాణ్ణి. అందరూ చేసేది అదే. బదులుగా, ఆ ఏడాదిలో ఇంకో నొప్పుల మందుకి నేను పనిచెయ్యకూడదు. ఎందరి ఇళ్ళో, పొలాలో తాకట్టు పెట్టించుకున్నాను. ఇప్పుడు నా మోకాళ్ళు వెళ్ళాయి.

డబ్బులు మాత్రం షూటింగ్ అయిన 90 రోజులకి. అక్కడ నా రక్తం ఉడికింది. 2004 నుంచి బ్యాంకుల్లో 90 రోజులు దాటినా కట్టని బాకీని ఎన్‌పీఏ అంటారు. "మా దాంట్లో దాన్ని స్పీడ్ పేమెంట్ అంటారు బాబాయ్‌గారూ" అన్నాడాయన.

కో-ఆర్డినేటర్లు ఆన్‌లైన్‌ని తిడతారనుకుంటాం. అదేం లేదు. మనవడు పట్టువదలకుండా ఒక మాగాయ ప్రకటనకి నా ఫొటోలు పంపించాడు. సాయంత్రానికి ఫోనొచ్చింది. "ఎందుకండీ ఈ తిరుగుడు? ఆ పోస్టు పెట్టింది నేనే." ఫలానా కంపెనీ నేరుగా తీసుకుంటోందని అందులో రాసుంది మరి అన్నాను. నేరుగా నా దగ్గరికే వచ్చిందన్నాడు. మోకాళ్ళకీ మాగాయకీ పోటీ లేదు గనక ఆ వేషం నాకే ఇప్పించాడు.

ఆ షూటింగుకి మా ఆవిడ ఫ్లాస్కు పట్టుకుని కాపలాగా వచ్చింది. తెరమీద నా భార్యగా కూచోబెట్టినావిడ నాకు కూతురిలా ఉంది. డైరెక్టరు రెండు టేకులు చూసి విసుక్కుని, ఫ్యాను కింద కూచున్న మా ఆవిణ్ణి చూశాడు. 1988లో న్యూయార్క్ ఎయిర్‌పోర్టులో 14 ఏళ్ళ కేట్ మాస్ ఒక ఏజెన్సీ యజమానురాలి కంటపడి మోడలైందని మనవడు తర్వాత చెప్పాడు. మా ఆవిడ విషయంలో అంత చరిత్ర లేదు. అన్నంలో మాగాయ కలిపి ముద్ద పెట్టమన్నారు, పెట్టింది. అలవాటు చొప్పున, "చొక్కా మీద వేసుకోకండి" అంది. దాన్నే ఉంచేశారు.

గొడవ సాయంత్రం మొదలైంది. కో-ఆర్డినేటరు ఆవిడ డబ్బులోనూ 20 శాతం రాసుకున్నాడు.

"నన్ను నువ్వు తెచ్చావా నాయనా? ఫ్లాస్కు పట్టుకుని నేనే వచ్చాను" అంది.

ఆయన పాపం కాసేపు ఆలోచించాడు. "నిజమే పిన్నిగారూ. బాబాయ్‌గార్ని నేను తెచ్చాను, మిమ్మల్ని బాబాయ్‌గారు తెచ్చారు. లెక్కప్రకారం మీ కమీషను ఆయనకివ్వాలి."

మా ఆవిడ ఫ్లాస్కు మూత బిగించి నావైపు తిరిగింది. "మీకేమైనా 90 రోజుల తర్వాతేనండీ" అంది.